భూమి దోషానికి పూచీ లేదు

రావెళ్లపాడు, పొదిలి దగ్గర
జూలై 3

ధగధగ సోలార్ కంపెనీ, గుంటూరు, సర్వీసు చూసేవారు ఎవరైనా ఉంటే వారికి,

కోటిరత్నం రాయునది. మేము ఇక్కడ క్షేమం అని రాసే అవకాశం మీరు ఇవ్వలేదు. మేడ మీద మీ పలకలు ఎండకి నిగనిగలాడుతున్నాయి. కింద మీ ఇన్వర్టరు మాత్రం ఎర్ర లైటు వెలిగించుకుని, కీచుమంటూ, పని మానేసి కూర్చుంది. ఆపి వేశాను. వేసి ఆపాను. కీచు పెరిగింది.

నాది మిరప నారు నర్సరీ. ఇంటి పక్కనే వల కింద ట్రేలలో నారు ఉంది. పొద్దునా సాయంత్రం తుంపర నీళ్లు పడకపోతే వాలిపోతుంది. పగలు కరెంటు ఎప్పుడు వస్తుందో ఇచ్చేవాడికే తెలియదు, అందుకే కదా మీ డబ్బా పెట్టించుకుంది. రేపు వాన పడగానే రైతులు నారు కోసం వస్తారు. వాళ్లకి నేను ఎర్ర లైటు చూపించి పంపాలా?

ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, నొక్కాను. తొమ్మిది నొక్కమంది, నొక్కాను. ఆఖరికి "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అని పాట పెట్టింది. అందుకే కాగితం మీద రాస్తున్నా. పారేయడానికైనా ఒకసారి చేత్తో పట్టుకోవాలి కదా.

ఇట్లు,
కోటిరత్నం

తా.క.: ఇది అమ్మిన మీ కుర్రాడు మా ఇంట్లో గోంగూర మారు వడ్డించుకుని మరీ తిని, "ఇరవై అయిదేళ్లు చూసుకోనక్కర్లేదండీ" అన్నాడు. చూసుకోనక్కర్లేనిది మీరని ఇప్పుడు అర్థమైంది.

*

గుంటూరు
జూలై 8

గౌరవనీయ వినియోగదారు శ్రీమతి కోటిరత్నం గారికి,

నమస్కారములు. తమ లేఖ అందినది. తమ విలోమకము, అనగా ఎర్ర దీపము వెలుగుచున్న పెట్టె, మా కార్యాలయమునకు పంపిన సంకేతమును పరిశీలించితిమి. తమ ఇంట "భూమి దోషము" ఉన్నట్లు నిర్ధారణ అయినది. దోషము యంత్రమునందు లేదు, భూమియందు ఉన్నది. భూమిని మా సంస్థ సరఫరా చేయలేదు కావున దానికి మా పూచీ వర్తించదు.

భూమి ప్రతిఘటన మితిమీరినపుడు యంత్రము తనను తాను కాపాడుకొనుటకై ఆగిపోవును. తాము దోషమును నివారించుకొనిన వెంటనే అది కోలుకొనును.

భవదీయుడు,
చైతన్యకృష్ణ
సేవా విభాగము

తా.క.: ఈ నెల నుండి మా లేఖలలో ఆంగ్ల పదము ఒక్కటియు ఉండరాదని యాజమాన్యము ఆదేశించినది. అర్థము కాని పదములున్నచో మన్నించగలరు. నాకును కొన్ని అర్థము కాలేదు.

*

రావెళ్లపాడు
జూలై 12

చైతన్యకృష్ణ గారికి కోటిరత్నం రాయునది.

మా భూమిలో దోషమా? ఈ స్థలంలో మా మామగారు పొగాకు ఆరబెట్టే బ్యారన్ కట్టి బాగుపడ్డాడు. నేను నారు పోసి నిలదొక్కుకున్నాను. మీ డబ్బా కాలుపెట్టాకే దోషం కనిపెట్టారు. పైగా మా భూమి ప్రతిఘటిస్తోందా? ఎవరిని? అది కదలకుండా పడి ఉంది, అచ్చం మీ ఆఫీసులాగే.

నేను వాస్తు నమ్మే మనిషిని కాను. కానీ నారు వాలిపోతుంటే చూస్తూ కూర్చునే మనిషిని కూడా కాను. కంపెనీ వాళ్లే ముద్ర వేసి మరీ దోషం అన్నారు కదా అని, మీ ఉత్తరం పట్టుకుని ఆదెయ్య సిద్ధాంతి దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని కళ్లకద్దుకున్నాడు. "ఇన్నాళ్లకి సైన్సువాళ్లు దారికొచ్చారమ్మా" అన్నాడు. ఇల్లంతా తిరిగి ఒక దిద్దుబాటు చెప్పాడు, పొద్దుగూకేలోపు చేయించేశాను. ఇక ఇక్కడ దోషం లేదు. అయినా మీ యంత్రం కీచుమంటూనే ఉంది. దానికి దేవుడంటే నమ్మకం లేదేమో.

నేనూ పక్కింటి కరీమున్నూ బిందెలతో నారుకి నీళ్లు మోస్తున్నాం. నడుములు పోతున్నాయి.

ఇట్లు,
దోషం లేని భూమి గల కోటిరత్నం

తా.క.: విలోమకము అంటే ఏమిటని సిద్ధాంతిని అడిగాను. అపశకునం అన్నాడు. అది మాత్రం నిజం.

*

గుంటూరు
జూలై 17

గౌరవనీయ కోటిరత్నం గారికి,

నమస్కారములు. తాము చేయించిన దిద్దుబాటు పిమ్మట తమ భూమి దోషము తగ్గకపోగా, సంపూర్ణమైనదని తెలియజేయుటకు చింతించుచున్నాము.

వేసవిలో భూమి ఎండుట వలన ఇట్లు జరుగును. తాము గుంటయందు ఉప్పును, బొగ్గును పొరలుగా వేసి, ప్రతి ప్రాతఃకాలమున బిందెడు నీరు పోయవలెను. భూమి శాంతించును.

భవదీయుడు,
చైతన్యకృష్ణ

తా.క.: మా సంస్థ నూతన కార్యాలయమునకు మారుచున్నది. ఆ సిద్ధాంతి గారి చిరునామా పంపవలసినదిగా మా యాజమాన్యము కోరుచున్నది.

*

రావెళ్లపాడు
జూలై 23

అయ్యా చైతన్యకృష్ణా,

కోటిరత్నం రాయునది. ఏ గుంటో మీరు రాయలేదు. మొన్న సిద్ధాంతి తవ్వించిన గుంట ఉంది కదా అని అందులోనే వేశాను. తెల్లారకముందే లేచి, తలకి గుడ్డ చుట్టుకుని, గుంటలో ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోస్తుంటే, పాలకి వెళ్లేవాళ్లు చూశారు. మధ్యాహ్నానికల్లా ఊరంతా ఒకటే మాట. కోటిరత్నం చేతబడి చేస్తోందట!

నారు చెప్పి పెట్టుకున్న వీరాంజనేయులు బండి మీద వచ్చి, నా చేతుల మసి చూసి, బండి దిగకుండానే తిప్పేశాడు. "నీ నారు నాకొద్దు పిన్నీ. నా చేలో ఏం మొలుస్తుందో ఏంటో" అని అరిచి మరీ పోయాడు. వాడి వెనకే మిగతావాళ్లూ. కరీమున్ ఒక్కతే ఇంకా నాతో మాట్లాడుతోంది. అదైనా, "గుంటలో వేస్తే వేశావు గానీ కోటిరత్నమ్మా, నీ చారులో కూడా కాస్త ఉప్పు వెయ్యి" అని ఎత్తిపొడవడానికి.

ఒక వరస నారు వాలిపోయింది. బతికిన నారుకి కొనేవాడు లేడు. ఈ ఏడు ఈ నారు పోతే నేను నర్సరీ ఎత్తేయాల్సిందే. నాకు భయంగా ఉంది బాబూ, దాచుకోవడం ఎందుకు? ఇక సలహాలు చాలు. మనిషిని పంపండి.

ఇట్లు,
మీ పుణ్యమా అని మంత్రగత్తె అయిన కోటిరత్నం

తా.క.: ఆదెయ్య సిద్ధాంతి చిరునామా వెనకవైపు రాశాను. మీకు ఆయనే సరి.

*

గుంటూరు
జూలై 27

గౌరవనీయ కోటిరత్నం గారికి,

నమస్కారములు. తమ కోరిక మేరకు తాంత్రిక నిపుణుడు శ్రీ అక్బర్‌ను పంపుచున్నాము. ఆయన భూమిని పరీక్షించి దోషమును తొలగించును. ఆ సమయమున పిల్లలు దరి చేరరాదు, పెట్టెను ఎవరును తాకరాదు. దారి చూపుటకై ఈ లేఖ నకలును తమ పంచాయతీ కార్యాలయమునకు పంపితిమి.

భవదీయుడు,
చైతన్యకృష్ణ

తా.క.: నిఘంటువులో సాంకేతిక, తాంత్రిక అని రెండు పదములు ఉన్నవి. రెండవది గంభీరముగా తోచినది.

*

రావెళ్లపాడు
ఆగస్టు 2

చైతన్యకృష్ణా,

నీకు గంభీరంగా తోచిన పదాన్ని పంచాయతీ వాళ్లు నోటీసు బోర్డుకి అంటించారు. తాంత్రికుడు వస్తున్నాడని ఊరు ఊరంతా మా గోడ చుట్టూ చేరింది. అక్బర్ బండి దిగి, సంచిలోంచి ఇనప మేకులు తీసి, సుత్తితో నేలలో దిగ్గొట్టి, వాటికి ఎర్ర తీగలు కట్టి, ముల్లు ఊగే పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. జనం దణ్ణాలు పెట్టారు. ఒకాయన గేదెని తోలుకొచ్చాడు.

"జరగండయ్యా! కరెంటోణ్ణి నేను!" అని అతను అరిచాడు. ఎవరు వింటారు?

తర్వాత నన్ను "ఎర్త్ పిట్ ఏదమ్మా?" అన్నాడు. ఈశాన్యం మూల చూపించాను.

"మేం తవ్వింది నైరుతిలో కదా?"

"నైరుతిలో గుంట ఉండకూడదని సిద్ధాంతి ఇటు మార్పించాడు."

"మరి వైరేది?"

"ఇక్కడిదాకా చాల్లేదు. కోయించి అక్కడే గోడ మేకుకి చుట్టి పెట్టించాను."

అతను తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. మజ్జిగ ఇస్తే గానీ లేవలేదు. మొదట పాత గుంటలో ఒక్క బిందె నీళ్లు పోసి ఉంటే సరిపోయేదట.

ఎర్త్! ఆ ఒక్క ముక్క నీ కలానికి రాలేదా? మీవాళ్లు ఆ గుంట పిడుగు కోసం తవ్వారనుకున్నాం. పిడుగుకి ఏ మూలైతేనేం? ఎర్త్ అని రాసి ఉంటే దాని మీద చెయ్యి వేసేదాన్నా? ఇందులో నా తప్పు వెతక్కు, దొరకదు.

అక్బర్ పాత గుంట మళ్లీ తవ్వించి, వైరు కలిపాక ఎర్ర లైటు ఆరింది. సాయంత్రం తుంపర పడింది. పొద్దున లేచేసరికి నారు తలెత్తి నిలబడింది. చూసి ఏడ్చాను. ఆ వెంటనే వీరాంజనేయులు దిగాడు. తాంత్రికుడు మేకులు కొట్టిన నేలలో నారైతే పురుగు పట్టదట, తన వంతు తనకి ఇవ్వమన్నాడు. వెనకే అందరూ. ఒక్క ట్రే మిగల్లేదు. అతను తాంత్రికుడు కాదని నేను చెప్పలేదు. నేనేమన్నా నిఘంటువునా?

ఇట్లు,
కోటిరత్నం

తా.క.: ఆదెయ్య సిద్ధాంతి కొత్త పంచె కట్టుకుని గుంటూరు బస్సెక్కాడు. మీ దగ్గరికేనట. నేను ఆపలేదు.

*

గుంటూరు
ఆగస్టు 9

అమ్మా,

చైతన్యకృష్ణని. కొత్త ఆఫీసులో ఎర్త్ ఫాల్ట్ అండీ. ఎర్త్! ఫాల్ట్! ఇన్వర్టర్ ట్రిప్ అయ్యి కూర్చుంది. ఫ్యాన్ లేదు, కంప్యూటర్ లేదు, చెమటలు కారుతుంటే చేత్తో రాస్తున్నా. ఆదెయ్య గారు నైరుతి గుంట పూడ్పించేశారు. వైరు కోసి మేకుకి ముచ్చటగా చుట్టించారు. మా సర్వీస్ నంబర్‌కి నేనే ఫోన్ చేశాను. పాట వస్తోంది.

అక్బర్ ఫోన్ ఎత్తట్లేదు. మీ పక్క ఊళ్లో ఎవరిదో గేదె పాలివ్వట్లేదని, మేకు కొట్టమని ఎత్తుకుపోయారట. ఎలాగోలా విడిపించి గుంటూరు బస్సెక్కించండి. మీ కాళ్లకి దణ్ణం పెడతాను.

ఇట్లు,
మీ చైతన్యకృష్ణ

తా.క.: కంపెనీ మనదే కదా అని వారంటీ అడిగానండీ. భూమికి పూచీ వర్తించదని నేను మీకు రాసిన ఉత్తరం నకలు తీసి, నా సంతకం నాకే చూపించారు.