గేటు తాళం తీశారు

గౌరీ, నా తల్లీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వున్న ఫ్యాక్టరీ హాస్టల్లోనే ఉంటూ, నీ బల్ల దగ్గరే రొయ్యలు ఒలుస్తున్నాను.

మన రొయ్యలు కొనే విదేశీ కంపెనీ తరఫున మొన్న ఒకామె తనిఖీకి వచ్చి, "హాస్టల్ గేటుకు తాళం వేసి మిమ్మల్ని ఆపుతారా?" అని అడిగింది. లేదని చెప్పమని సూపర్‌వైజరు మాకు ముందే నేర్పాడు. నువ్వు అక్షరాలు నేర్పినప్పుడూ నాకు పాఠం ఒక పట్టాన నిలిచేది కాదు, నవ్వేదానివి.

"ఏస్తారమ్మా. మా గౌరి జొరమొచ్చి ఆస్పత్రికెల్తానన్నా తియ్యనేదు" అన్నాను.

"ఓలప్పో, సెప్పీసినావేటి!" అంది పక్కనున్న సూరమ్మ.

ఈ రోజు తాళం తీసేశారు. నీ చెప్పులు నాకు బిగుతే. అయినా అవే వేసుకుని గేటు దాటి, ఆ ఆస్పత్రి దాకా నడిచి వచ్చాను.

ఎంతో దూరం లేదే, తల్లీ.

అమ్మ