పాత సీటులో పల్లం

సుగుణా,

మా సేఠ్ జెట్ విమానం కొన్నాడు. ఎక్కడా దిగకుండా సముద్రాలు దాటేస్తుందట. కానీ సెకండ్ హ్యాండ్. నువ్వుంటే "ఎవులు కూకున్నారో ఏటో, మనకొద్దు" అనేదానివి. మన హౌరా ఇంట్లోకి పాత కుర్చీ కూడా రానిచ్చేదానివి కాదు.

ఎర్రజెండాల ఊరేగింపులో కారు ఇరుక్కుని, సేఠ్ ఇవాళ దమ్‌దమ్ ఎయిర్‌పోర్టులో విమానం ఉంచిన హ్యాంగరుకి ఆలస్యంగా వచ్చాడు. విమానమెక్కి, కిటికీ పక్క పెద్ద సీట్లో కూర్చుని, వెంటనే లేచిపోయాడు.

"దాదా, ఇందులో ఇంకా ఎవరో ఉన్నారు. తీసెయ్" అన్నాడు. సీట్లు కుట్టేది నేనే కదా.

తోలు విప్పితే స్పాంజిలో ఒక మనిషి కూర్చున్న పల్లం, కిటికీ వైపు కాస్త లోతుగా. ఎప్పుడూ బయటికి చూస్తూ ఒరిగేవాడేమో. దాన్ని కోసి పారేసి కొత్తది పెట్టాను. సేఠ్ హాయిగా కూర్చున్నాడు.

ఇంటికొస్తే మన సందులో పరుపుల దూది ఏకేవాడి విల్లు మోగుతోంది. ప్రతి చలికాలం వాణ్ణి నువ్వే పిలిచేదానివి. నువ్వు పోయాక నేను గుమ్మం తొక్కనివ్వలేదు. మన పరుపులో గోడవైపు నీ పల్లం అలాగే ఉండాలని.

"ఏటి మావయ్యా, ఈ ఏడూ ఏకించవా?" అని పక్కింటి కోడలు అడిగింది.

"వద్దమ్మా" అన్నాను.

ఆమెకి చెప్పనిది నీకు చెబుతున్నాను. ఈమధ్య నిద్రలో నేనే నీ వైపు దొర్లిపోతున్నాను. పొద్దున తడిమి చూస్తే, ఆ పల్లం నా అంత వెడల్పయింది.

అందుకే ఇవాళ కింద చాప పరుచుకున్నాను.