నీ పేరు మీద పెట్టిన క్విజ్

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నీతో పుస్తకాలు చదివిన మిత్రులు ఆదోనిలో నీ జ్ఞాపకార్థం క్విజ్ పెట్టారు. మగ్గం దిగగానే నువ్వు పట్టుకు కూర్చునే ఆ రష్యన్ నవల మీద, హత్య చేసి లోలోపల కుమిలిపోయే కుర్రవాడి కథ మీద. నేను ఎమ్మిగనూరు నుంచి బస్సులో వెళ్లాను.

వేదిక మీద ముఖ్య అతిథి ఎవరో తెలుసా? నిన్ను కారుతో గుద్ది, కేసు తన డ్రైవర్ మీద వేయించిన పత్తి మిల్లు యజమాని. ఊరందరికీ తెలుసు, సాక్ష్యం చెప్పేవాళ్లే లేరు. బహుమతులకు డబ్బిచ్చాడని నీ మిత్రులే పిలిచారట.

"హంతకుడు చివరికి ఏం చేశాడు?" అని అడిగారు.

"పోలీసుల దగ్గరికి పోయి ఒప్పుకున్నాడు" అందొక అమ్మాయి. అందరికంటే గట్టిగా ఆయనే చప్పట్లు కొట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి అరిచాను. "ఆ పొద్దు కారు తోలింది నువ్వే గదప్పా! నువ్వెప్పుడు ఒప్పుకుంటావు?"

ఆయన తాపీగా నీళ్లు తాగాడు. నీ మిత్రులే, "ఈడ గలాటా వద్దక్కా" అంటూ నన్ను బయటికి తోసుకొచ్చారు. వీళ్లనేనా నువ్వు అంత మెచ్చుకున్నది?

గేటు దగ్గర, కారు పక్కన నిలబడి నా అరుపు విన్న ఆ డ్రైవర్ నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, బండి నేను తోలలేదు. స్టేషన్ కాడ అదే సెప్తా. పోదాం పా" అన్నాడు.

ఇన్నాళ్లూ నోరు కుట్టుకున్నందుకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదన్నా. ఆటో పిలిచి, ముందు వాడినే ఎక్కించాను.