షటర్ నాది, పాస్‌వర్డ్ వాడిది

మంగళవారం

నా దుకాణంలో నా కంప్యూటర్ నాకే తెరుచుకోదు. ఈ మంట ఎన్నో ఏళ్లుగా కడుపులో ఉంది. నాంపల్లిలో పొద్దున్నే షటర్ ఎత్తేది నేను. పెండ్లి కార్డులు అచ్చు వేయించుకునే గిరాకీ వచ్చినా, కొడుకు శీను వచ్చి పాస్‌వర్డ్ కొట్టేదాకా గోడ చూస్తూ కూర్చోవాలి.

ఈరోజు తెగించాను. శీను కంప్యూటర్ తెరిచిపెట్టి బయటికి పోగానే, ప్రింటర్లు బాగుచేసే పక్క దుకాణం సలీంను పిలిచాను.

"చాచా, గిది పాత విండోస్. అడగకుండ సీదా తెరుసుకునేటట్టు చేయొచ్చు" అని తెర మీద ఒక గడి చూపించాడు. అందులో టిక్కు ఉంది. టిక్కు అంటే సరే అన్నట్టే కదా అని ఉంచేశాను.

"అరే, గది తీసెయ్యాలె చాచా! ఉంటే రోజూ అడుగుతది" అని నవ్వాడు. తీసేశాను. ఆఖరుసారి పాస్‌వర్డ్ కావాలంది. కోడలు మంజుల వచ్చి కొట్టింది.

"ఆయనకు నేను చెప్త మామా, ఫికర్ చేయకున్రి" అంది.

బంద్ చేసి మళ్లీ పెట్టాను. ఏమీ అడగకుండా తెరుచుకుంది.

సాయంత్రం శీను చూసి ఎగిరాడు. "ఎవడన్న వచ్చి కార్డుల మీద పేర్లు మారిస్తే ఏంది నాయినా?"

"ఎవడొస్తడురా? నేను గీడనే కూసుంట గద!"

"మల్ల పెడత పాస్‌వర్డ్" అన్నాడు.

వాడి భయం ఎవరో ముట్టుకుంటారనా, నేను ముట్టుకుంటాననా? రాత్రి ఇంట్లో అదే అడిగితే తల వంచుకుని అన్నం తిన్నాడు. శుక్రవారం లోపల ఆ జవాబు వాడు నా మొహం మీద చెప్పాలి. అప్పటిదాకా వాణ్ణి ఆ కుర్చీలో కూర్చోనివ్వను.