బయమ్మ బ్రాట్ మీ అప్

అనంతపురం,
12-7-2004.

నన్ను కన్నబిడ్డ కంటే ఎక్కువగా చూసుకున్న బయమ్మ పెద్దమ్మకు హబీబా సలాములు చేసి రాసుకునేది.

ఈడ నేను బాగుండాను. మన బెళుగుప్ప దిక్కు వాన పడిందని బస్సులో ఎవరో అనుకుంటాంటే విన్నా. మన చేన్లో శెనక్కాయ విత్తినారో లేదో ఈ జాబు చదివి వినిపిస్తాండే ఆదెన్న మామతోనే రాయించు.

నర్సు ట్రైనింగుకు నన్ను తీసుకున్నారు పెద్దమ్మా. అదెట్లయిందో చెప్తా విను.

రాతపరీక్షలో 'బ్రింగ్ అప్' అనే ఇంగ్లీషు మాట ఇచ్చి, సొంతంగా వాక్యం రాయమన్నారు. పెంచి పెద్దచేయడమని దానర్థం. చూస్తానే నువ్వే గుర్తొచ్చినావు. తొమ్మిదో తరగతిలో ఇదే మాటకు నేను 'బయమ్మ బ్రాట్ అప్ మీ' అని రాస్తే వనజాక్షి మేడం కొట్టేసింది. 'నన్ను' అనే చిన్న మాటను చివర్న వదిలేయకూడదు, సంతలో పిల్లను ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకున్నట్ల ఆ రెండు మాటలూ దాన్ని నడుమ పెట్టుకోవాల అనింది. ఈసారి తడుముకోకుండా 'బయమ్మ బ్రాట్ మీ అప్' అని రాసినా.

ఇంటర్వ్యూలో పెద్ద డాక్టరమ్మ ఆ కాగితం చూసి, వాక్యం సరిగ్గానే ఉండాది, నీ పేరు హబీబా, పెంచిందేమో బయమ్మ, ఎట్లమ్మా అని అడిగింది. అంతవరకూ ఉన్న భయం పోయింది నాకు. అమ్మ చనిపోయిన కరువేడు నాయన బెంగళూరికి కూలికి పోతా నన్ను పక్కింట్లో నీ దగ్గర వదిలిపోయినాడని చెప్పినా. రంజాన్ నెలంతా నువ్వు తెల్లారకముందే లేసి నాకు సంగటి కెలికి పెట్టేదానివని, ఖురాన్ చదవను నన్ను మసీదుకు తోలేదానివని చెప్పినా. పిల్లను వాళ్ళోళ్ళకు అప్పజెప్పమని మనూరి ఎర్రప్ప గొడవ చేస్తే, ఆకలైతే అది నా కొంగే పట్టుకుంటాదప్పా అన్నావంట, అదీ చెప్పినా.

ఆయమ్మ అంతా విని, అట్లాంటి ఇంట్లో పెరిగినావు, రోగుల్ని బాగానే చూసుకుంటావులే అనింది.

నీ బిడ్డ,
హబీబా.

తా.క.: ఆదెన్న మామా, ఈ ముక్క మెల్లగా చదువు. పెద్దమ్మా, పోయిన వారం నాయన ఈడికొచ్చి నన్ను కలిసినాడు. నాయనా, ఏటా పండక్కు నువ్వు పంపిన కొత్త గుడ్డలు నాకు సరిగ్గా సరిపోయేవి అంటే తల దించుకున్నాడు. తానొక్కసారి కూడా పంపలేదన్నాడు. నాయన పంపినాడని చెప్పి, కొని తొడిగింది నువ్వే. ఆయన మీద నాకు కోపం పుట్టకూడదనే కదా. పుట్టలేదు పెద్దమ్మా. హోటల్లో కడుపునిండా అన్నం పెట్టించి, బెంగళూరు బస్సెక్కించి వచ్చినా.