సెట్‌కు నూట ఇరవై కార్డులు

1వ తేదీ, సోమవారం. ఉదయం 9.10
పిల్లల గంట నాకు కావాలి! ప్రతి శనివారం మా గ్రంథాలయంలో పిల్లలకు కబుర్లు చెప్పే పని అది. లైబ్రేరియన్ మేడమ్ అన్నారు: "చదువుతావు సరే, నోరు విప్పుతావా? పదమూడున పెద్దల సభలో పది నిమిషాలు మాట్లాడు, చూద్దాం."
విషయం: 'సెట్' అనే ఇంగ్లీషు మాట. పెద్ద నిఘంటువులో నూట ఇరవై అర్థాలున్నాయి. అర్థానికో కార్డు, రోజుకు పది, పన్నెండు రోజులు. లెక్క ఎంత అందంగా ఉందో!

2. సాయంత్రం 5
ఇరవై పూర్తి! సూర్యుడు అస్తమించడం. విరిగిన ఎముక సరిచేయడం. జెల్లీ గట్టిపడటం.
వదిన చూసింది. "ఎంతమంది వస్తారమ్మడూ?"
"పదిహేను."
"తలకో ఎనిమిది పంచిపెట్టి వచ్చెయ్. మాట్లాడే పనే ఉండదు."
ఆలోచించాను. కాసేపే.

4. మధ్యాహ్నం
ఇవాళ నాలుగు కార్డులే. తప్పు నాది కాదు, మాట పుట్టుకది. 'పెట్టడం' అనే సెట్ పాత ఇంగ్లీషుది. 'జట్టు' అనే సెట్ ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలం 'వెంట నడవడం'. రెంటికీ చుట్టరికమే లేదు! ఆ సంతోషంలో ఇంకేమీ రాయలేదు.

8.
సున్నా. కార్డుల మూలలు గుండ్రంగా కత్తిరించాను. ఇదీ సన్నాహమే.

11.
రెండు. మొత్తం నలభై ఆరు. నూట ఇరవై అన్నది ఆశయం, నిబంధన కాదు.
అద్దం ముందు సాధన. "అందరికీ నమస్కారం" వరకు బాగుంది. 'నీ చేతిరాత మాట్లాడుతుంది, నువ్వు మాట్లాడవు' అనేవారు కాన్వెంటులో సిస్టర్.

13, శనివారం. 10.40
కార్డులు లేవు! సంచిలో లేవు. బల్ల మీద లేవు.

10.50
రిటైరైన పోస్ట్‌మాస్టరు గారు కేటలాగు సొరుగులోంచి ఓ కార్డు పట్టుకొచ్చారు. "అమ్మాయ్, 'జెల్లీ గట్టిపడటం' అట. ఈ పుస్తకం ఏ బీరువాలో ఉంది?"
అర్థమైంది. నాలుగేళ్లుగా నా పని కార్డులను అక్షరక్రమంలో సొరుగుల్లో పెట్టడం. నిన్న నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నలభై ఆరూ వేల పుస్తకాల కార్డుల మధ్య ఉన్నాయి.

మధ్యాహ్నం 1
"అందరికీ నమస్కారం" అన్నాను. ఎవరో దగ్గారు. ఇంకెవరో దగ్గారు. పారిపోదామని చూస్తే గుమ్మానికి అడ్డంగా నిచ్చెన, దాని మీద ఫ్యాను బాగుచేస్తున్న ఎలక్ట్రీషియన్. దారి లేక, చుట్టరికం లేని ఆ రెండు సెట్ల సంగతి చెప్పాను.
నిచ్చెన మీంచి వినబడింది: "అంటే ఇంటిపేరు ఒకటే, కుటుంబాలు వేరన్నమాట!"
"అవునండీ! ఒకే ఇంట్లో ఉండి ఉండి, ఎవరి పిల్లలు ఎవరో ఇప్పుడు వాళ్లకే తెలీదు!"
ఆ మాట అన్నది నేనే! అందరూ నవ్వారు. అర్థాలు మూడే చెప్పాను. పద్నాలుగు నిమిషాలు పట్టింది.
మేడమ్ అన్నారు: "పిల్లల గంట నీదే. ఒక్కటే షరతు. కార్డులు తేకూడదు."

15, సోమవారం. ఉదయం 9.10
కొత్త మాట: 'రన్'. నిఘంటువులో సెట్ కంటే పొడుగు! శనివారంలోగా మొత్తం పూర్తి చేయాలి. రోజుకు ముప్పై.
కార్డులు వద్దన్నారు, సరే. నోటుపుస్తకం గురించి మేడమ్ ఏమీ అనలేదు.