మూడో అంతస్తు ఫ్రిజ్‌లో మా డబ్బా

భద్రతాధికారి గారికి నమస్కారాలు.
ఆఫీసు స్నేహితుడికిమ్మని నేను పంపిన స్టీలు డబ్బాను, భోజనాల గది ఫ్రిజ్ పాడైందని, మావారు మూడో అంతస్తు ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టారట. మీవాళ్లు పట్టుకుపోయారట. ఇంట్లో మిగిలినదాన్ని అదే రోజు పిల్లి దొర్లించింది. దయచేసి తిరిగి పంపండి.
ఇట్లు,
మూడో అంతస్తు ఉద్యోగి భార్య
తా.క.: మూత లాగితే రాదు. అంచు నొక్కి తీయాలి.

అమ్మా,
డబ్బా మీద పేరు లేదు, తేదీ లేదు. లోపల కోట్లకొద్దీ బ్యాక్టీరియా బతికే ఉంది. నిబంధన ప్రకారం చెంచాడు నమూనా సీలు వేసి, మిగతాది ఆవిరి యంత్రంలో పెట్టి చంపేశాం. ఇది ఎక్కడిది? ఎవరి మీదైనా ప్రయోగించారా? వారి అంగీకారం తీసుకున్నారా?
భవదీయుడు,
భద్రతాధికారి
తా.క.: మూతకు ముగ్గురు మనుషులు, ఆరు జతల తొడుగులు పట్టాయి.

అయ్యా,
మీరడిగిన వరసలోనే చెప్తాను. అది మా అమ్మది. అమ్మ గుర్తుగా నాకు మిగిలింది అదే. పెళ్లైనప్పటి నుంచి నేనే పెంచుతున్నాను. రోజూ ఇంటిల్లిపాదికీ పెడతాను. పెట్టింది తినడమే మా ఇంట్లో అంగీకారం.
ఇట్లు,
డబ్బా మనిషి
తా.క.: మామగారికి పడదు. దగ్గుతారు. అయినా మానరు.

అమ్మా,
మీ ఉత్తరం చదివి మా డైరెక్టరు గారు కుర్చీలో కూలబడ్డారు. మీవారిని ఆఫీసుకు రావద్దన్నాం. మామగారి దగ్గరికి డాక్టరును పంపుతున్నాం. ఎవరూ గడప దాటకండి. బయట ఎవరికైనా ఇచ్చారా?
ఆందోళనతో,
భద్రతాధికారి

అయ్యా,
అది పెరుగు. పాలలో తోడు వేసుకునే పెరుగు!
బయట ఇచ్చింది ఒక్క మా తోటికోడలికే. ఆవిడతో నాకు నాలుగేళ్లుగా మాటల్లేవు. తోడు కోసం ఆవిడ గుమ్మం ఎక్కేకన్నా మీ కాళ్లు పట్టుకోవడం నయం. మావారు ఇంట్లో కూర్చుని నా పప్పుల డబ్బాలన్నీ అక్షరక్రమంలో సర్దేశారు. ముందు ఆయన్ని తీసుకెళ్లండి. తర్వాత పెరుగు పంపండి.
ఇట్లు,
కందిపప్పు ఎక్కడుందో తెలియని ఇల్లాలు
తా.క.: మీ డాక్టరు మందు రాయలేదు. మామగారితో చదరంగం ఆడి, ఓడి వెళ్లారు.

అమ్మా,
క్షమించండి. మీవారు రేపు రావచ్చు. కాని సీలు వేసిన నమూనా బయటికి వదలాలంటే ప్రయోగాల మంచిచెడ్డలు చూసే మా నైతిక సంఘం ఒప్పుకోవాలి. అందులో సైన్సుతో సంబంధం లేని బయటి మనిషి ఒకరుండాలి. ఆ కుర్చీ ఖాళీ. అందుకే సంఘం సమావేశం కావడం లేదు. మీరు కూర్చుంటారా?
భవదీయుడు,
భద్రతాధికారి
తా.క.: కుర్చీకి మెత్త ఉంది.

భద్రతాధికారి గారికి,
నిన్న కూర్చున్నాను. మొదటి ఫైలు నాదే. నమూనా ఇచ్చేద్దామని అందరూ చేతులెత్తారు. ఆ ఫ్రిజ్‌లో మా డబ్బా పక్కన ఏముందని అడిగాను. ఎలుకలకు ఎక్కించే రోగాల సీసాలన్నారు. వద్దన్నాను. నా డబ్బా కాబట్టి నాకు ఓటు లేదన్నారు. సరే, మీలో ఒకరు ముందు చెంచాడు తినండన్నాను. ఎత్తిన చేతులన్నీ దిగిపోయాయి.
అమ్మదే కావచ్చు, నా ఇంట్లోవాళ్లకు ఎలా పెట్టను? దాన్నీ ఆవిరి యంత్రంలో పెట్టించండి. ఆ సమయానికి నన్ను పిలవకండి.
ఇట్లు,
సంఘంలో బయటి మనిషి
తా.క.: సాయంత్రం తోటికోడలి తలుపు తట్టాను. "ఇన్నాళ్లకా, అక్కా!" అంటూ గిన్నె తెచ్చింది. దానికో చీటీ అంటించి ఉంది: ‘అక్క వాళ్ల అమ్మగారిది’. కింద నిన్నటి తేదీ. మీరు చూసుంటే అక్కడికక్కడే ఉద్యోగమిచ్చేవారు.